ఎవరి తలుపు తడతారు?

ఊళ్ళో పెద్ద ఎవరో తెలియాలంటే పంచాయతీ ఆఫీసు గోడ మీద బోర్డు చదవనక్కర్లేదు. అర్ధరాత్రి ఒకింట్లో పురిటినొప్పులు మొదలైతేనో, తోటలో కాపలా పడుకున్నవాడికి పాము కరిస్తేనో ఆ ఇంటివాళ్ళు లాంతరు పట్టుకుని ఎవరి తలుపు తట్టడానికి బయల్దేరతారో చూస్తే చాలు. పగలు దండలు వేయించుకునే పెద్దలు ఏ ఊళ్ళోనైనా పదిమంది దొరుకుతారు. రాత్రి తలుపు తీసే పెద్ద ఒక్కడే ఉంటాడు. ఒక్కోసారి ఆ ఒక్కడూ ఉండడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలా ఏళ్ళపాటు ఆ తలుపు పెద్దరైతుదే. ఆయన గురించి మనవాళ్ళు రెండు రకాలుగానే రాస్తూ వచ్చారు. సంస్మరణ సంచికల్లో ఆయన దాత, ధర్మప్రభువు, ఊరికి పెద్దదిక్కు. ఎర్రజెండా సాహిత్యంలో ఆయన భూస్వామి, వడ్డీల మీద బతికేవాడు, పోలీసులకి చుట్టం. మా పెదనాన్న అలాంటి పెద్దరైతే, నేను ఆ తలుపుకి లోపలివైపు పెరిగినవాణ్ణి. ఆ రెండు మాటలూ నిజమేనని నాకు తెలుసు. రెండూ ఒకే మనిషిలో, ఒకే రోజున, ఒక్కోసారి ఒకే గంటలో చూశాను. అందుకే ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న మీద నాకు ఆసక్తి పోయింది. అంత పెద్దరికం ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

మా ఊరికి చేరువలోని డొంకూరు ఇచ్ఛాపురం మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. బాహుదా నది కడలిలో కలిసే చోటు దగ్గరే. ఇంకాస్త ముందుకి పోతే ఒడిశా. ఒడ్డున పడవలూ వలలూ, వెనక్కి వస్తే ఇసుకనేలలు, ఇంకా వెనక్కి వస్తే కొబ్బరి, జీడి, పనస. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలని కలిపి ఉద్దానం అంటాం. వరి రైతు ఆస్తి గాదెలో ఉంటుంది, ఉద్దానం రైతు ఆస్తి ఆరుబయట నిలబడి ఉంటుంది. దారిన పోయేవాడు కూడా లెక్కపెట్టుకోవచ్చు. నాటురకం కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఒకసారి వచ్చిందంటే అరవై ఏళ్ళు కాస్తుంది. అందుకని ఇక్కడ ఎవడూ ఒక్క తరంలో పెద్దరైతు కాలేదు. తాత నాటాలి, తండ్రి నీళ్ళు పోయాలి, కొడుకు పెద్ద అనిపించుకోవాలి.

మా పెదనాన్నకి ఇరవై ఎకరాల పైచిలుకు తోట, పల్లంలో కొంత వరి ఉండేవి. గోదావరి జిల్లాల లెక్కలో అదేమంత ఆస్తి కాదు. అరెకరం, ఎకరం తోటల మీద సంసారాలు ఈదే ఉద్దానంలో మాత్రం ఆ ఆస్తికి చుట్టుపక్కల నాలుగూళ్ళు నమస్కారం పెట్టేవి.

నెలన్నరకోసారి కొబ్బరి దింపు తీసేవారు. ఆ రోజు ఆయన తోటలో నులకమంచం వేయించుకుని కూర్చునేవాడు. దింపు కార్మికులు కాళ్ళకి బందం తగిలించుకుని చెట్టెక్కి గెలలు నరుకుతుంటే నేల అదిరినట్టుండేది. సాయంత్రం లెక్క. ఒకడు కాయలు ఎత్తి వేస్తూ ‘లాభం’ అని మొదలుపెట్టి రెండు, మూడు, నాలుగు అని రాగం తీసేవాడు. వెయ్యి కాయలకి పైన షావుకారికి కొసరుకాయలు తప్పవు. ఆ కొసరు దగ్గర పెదనాన్న ఒక్క కాయ ఎక్కువ పోనిచ్చేవాడు కాదు. చెట్టు కింద పడిన కాయని లంగాలో దాచుకున్న గుంటని పట్టుకుని ఊరంతా వినిపించేలా కసిరిన మనిషే, పొద్దుగూకాక దడి దగ్గర నిలబడిన ముసలమ్మని పిలిచి అడక్కుండానే రెండు కాయలు చేతిలో పెట్టేవాడు. తీసుకుంటే దొంగతనం, తనిస్తే ధర్మం. కాయ అదే. ఇచ్చే చెయ్యి తనదై ఉండాలి, అంతే ఆయన పట్టింపు.

ఒక రాత్రి డొంకూరు నుంచి ఒక మనిషి వచ్చి తలుపు కొట్టాడు. ఒళ్ళంతా ఇసుక.

“బాబూ... బాబూ... ఆడదానికి నొప్పులొచ్చీసినాయి. మంత్రసాని నా వల్ల కాదనీసింది బాబూ.”

“ఎప్పుడొచ్చినాయిరా?”

“నిన్న పొద్దున్న నుంచి బాబూ.”

“ఇప్పుడా చెప్పడం? పో, బండి కట్టమను. ఇచ్ఛాపురంలో కాదంటే అట్నుంచటే బరంపురం ఎల్లిపోండి.”

“డబ్బులు...”

“డబ్బుల మాట నీకెందుకురా ఇప్పుడు?”

పెదనాన్న భోషాణం తెరిచి నోట్లు తీశాడు. ఇచ్చేముందు దీపం దగ్గరికి జరిగి, ఎర్ర అట్ట పుస్తకంలో తారీఖు వేసి, పేరు రాసి, సొమ్ము రాశాడు. ఆ మనిషి చేతులు కట్టుకుని, ఆ రాత పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. తల్లీబిడ్డా బతికారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మా ఇంటికి వలలో పడ్డ మంచి చేప వస్తూనే ఉండేది. ఆ చేపల ఖరీదు ఎర్ర అట్ట పుస్తకంలో ఎక్కడా జమ పడలేదు. ప్రాణం నిలిపినందుకు చేప, డబ్బు ఇచ్చినందుకు వడ్డీ. ఆ లెక్క తప్పని ఇచ్చేవాడూ అనుకోలేదు, పుచ్చుకునేవాడూ అనుకోలేదు.

దీన్ని దయ అనాలా, దోపిడీ అనాలా అని పోట్లాడుకునేవాళ్ళు ఒక చిన్న విషయం వదిలేస్తారు. ఆ మనిషి అన్ని ఇళ్ళు దాటుకుని, చీకట్లో ఇసుకదారిన పడి మా తలుపు దగ్గరికే ఎందుకు వచ్చాడు? డొంకూరులో ఆసుపత్రి లేదు, బండి లేదు, అప్పిచ్చే బ్యాంకు లేదు. ఆసుపత్రికి పోతే అక్కడ మాట చెల్లించుకునే చదువు ఆ ఇంట్లో లేదు. ఈ లేనివన్నీ కలిస్తే మా పెదనాన్న. పెద్దరికం పెద్దరైతు ఎకరాల్లోంచి పుట్టిందని మనం అనుకుంటాం. అది ఊరి లేమిలోంచి పుట్టింది. ఎకరాలు ఆయనని ఆ ఖాళీలో కూర్చోబెట్టాయి, అంతవరకే.

ఆ ఖాళీలో అంతకు ముందు జమీందారు కూర్చునేవాడు. మందస దివాణం అనుమతి లేకుండా అడవిలోంచి నాగలికి కర్ర తెచ్చుకున్నా నేరమే అయిన రోజులవి. అప్పుడు రైతులు చేసిన పని నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. దివాణం గుమ్మం ముందు నిలబడి నిలబడి విసిగి, వేరే గుమ్మం వెతుక్కున్నారు. ఆచార్య రంగా లాంటివాళ్ళు రైతు సంఘాలు కట్టి తిరుగుతున్న ఆ రోజుల్లోనే మా ఇచ్ఛాపురంలో రైతు రక్షణ యాత్ర బయల్దేరింది. తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజులు, 1,500 మైళ్ళకు పైగా నడిచి మద్రాసు చేరింది. దారిపొడుగునా వందల సభలు పెట్టి, రైతుల దగ్గర పోగుచేసిన 1,100 పైచిలుకు అర్జీలని 1938 మార్చి 27న శాసనసభకి అందించారు. బాధ చెప్పుకోవడానికి ఊళ్ళో పెద్ద ఇంటికి పోవాలి తప్ప వేరే దారి తెలియని జనం, సర్కారు తలుపు తట్టొచ్చని కాళ్ళతో నడిచి నేర్చుకున్నారు.

రెండేళ్ళకి, 1940 మార్చిలో, పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. ఆ వేడి చల్లారకముందే ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతులని పట్టుకుపోవడానికి వస్తే, ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. వాళ్ళ ముందు నిలబడిన సాసుమాన గున్నమ్మ తూటాలకి నేలకొరిగింది. అప్పటికామె గర్భిణి. ఆమె పెద్దరైతు కాదు, మునసబు కాదు, సంఘానికి అధ్యక్షురాలు కాదు. ఊరికి ఆపద వచ్చిన గంటలో ముందుకొచ్చిన మనిషి. 1909లో బారువలో గీత కార్మికుల ఇంట పుట్టిన గౌతు లచ్చన్నని ఈ ప్రాంతం సర్దార్ అని పిలుచుకున్నప్పుడూ ఆయనకెన్ని ఎకరాలున్నాయని ఎవరూ అడగలేదు. నాయకత్వానికి పట్టాదారు పాసుపుస్తకం అక్కర్లేదని చెప్పడానికి ఈ గడ్డ మీద సాక్ష్యాలకి కొదవ లేదు.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. కుర్చీ ఖాళీ అయింది, కాని ఖాళీగా ఉండలేదు. జమీందారుతో పోట్లాడిన పెద్దరైతే అందులోకి జరిగాడు. మునసబుగిరీ ఆయనదో ఆయన తమ్ముడిదో. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక సర్పంచి పదవి, సమితిలో మాట కూడా ఆయనవే. అంతవరకు మాటతో నడిచిన పెద్దరికానికి సంతకం, స్టాంపు కూడా తోడయ్యాయి. అదే పరిస్థితి మన్యంలోనూ. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘం సభకి వెళ్తున్న కోరన్న, మంగన్నలు భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు గిరిజన పోరాటంతో శ్రీకాకుళం జిల్లా మండింది. 1968 నవంబరులో పెదగొత్తిలిలో ఒక షావుకారి ఇంటి మీద పడిన గిరిజనులు ధాన్యంతో పాటు అప్పు పత్రాలు కూడా పట్టుకుపోయారు. ధాన్యం ఆకలికి. పత్రాలు? రాత్రిపూట దీపం పక్కన జరిగే ఆ రాతకి. మా పెదనాన్న ఆ రోజుల్లో తలుపుకి రెండో గడియ పెట్టించాడు. తలుపు కొట్టిన చప్పుడు వింటే, వచ్చినవాడు అడగడానికి వచ్చాడో, లెక్క తేల్చుకోవడానికి వచ్చాడో తెలియని కాలం అది.

అంటే పెద్దరైతులంతా ఒకటేనని కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావే ముందు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి అనే పెద్దరైతు లేచి 100 ఎకరాలిస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. మనం ఈ కథ చెప్పుకునేటప్పుడు 100 దగ్గర చప్పట్లు కొడతాం. నాకు ఆ 80 దగ్గర ఆగాలనిపిస్తుంది. మాకింత కావాలి అని లెక్కగట్టి, అందరి ముందు అడిగిన నోళ్ళవి. దడి దగ్గర మౌనంగా నిలబడి పెట్టినదేదో పుచ్చుకోవడానికీ, ఇంత కావాలని అడగడానికీ మధ్యే ఊళ్ళు మారాయి.

మా ఊళ్ళు మారడం నెమ్మదిగా, పెద్ద గొడవ లేకుండా జరిగింది. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆడవాళ్ళ పొదుపు సంఘాలు వచ్చి, పదివేల అప్పుకి పెద్ద ఇంటి మెట్లెక్కే పని తప్పించాయి. స్థానిక సంస్థల్లో రిజర్వేషన్లతో, నిన్నటిదాకా మా కళ్ళంలో చెరిగిన మనిషి సర్పంచి కుర్చీలో కూర్చుంది. ఉపాధి హామీ పనులు మొదలయ్యాక కూలి రేటు పెద్దరైతు ఒక్కడి నోట్లోంచి రావడం ఆగింది. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. డొంకూరు కుర్రాళ్ళు చేపల వేటకి గుజరాత్ వెళ్ళారు, తోటల కుర్రాళ్ళు చెన్నై, హైదరాబాదు, గల్ఫ్ పట్టారు. అక్కణ్ణుంచి పంపిన డబ్బుతో పాకలు డాబాలయ్యాయి. ఏ ఒక్కదాన్నీ విప్లవం అని ఎవరూ అనలేదు. అన్నీ కలిసి మా తలుపు దగ్గర చప్పుడు లేకుండా చేశాయి.

పెదనాన్నకి అది నచ్చలేదు. “ఊరు చెడిపోనాది. ఎవడి మాట ఎవడూ ఇనడం లేదు,” అనేవాడు. ఆయన మాట వినకపోవడమే ఊరు చెడిపోవడమని ఆయన లెక్క. చిత్రమేమిటంటే అందులో సగం ఆయన చేతులతో చేసిందే. బడికి స్థలం ఇచ్చింది ఆయనే. ఇచ్ఛాపురం నుంచి బస్సు వేయించమని ఆఫీసుల చుట్టూ తిరిగిందీ ఆయనే. పెద్దరికం పెరుగుతుందని చేసిన పనులే పెద్దరికాన్ని తినేశాయి. చదువుకున్న కుర్రాడికి అర్జీ రాసిపెట్టే పెద్ద అక్కర్లేదు. బస్సెక్కే పిల్లకి బండి అడగాల్సిన పని లేదు. ఆ స్థలం ఇవ్వకుండా ఉంటే ఆయన పెద్దరికం మరో పదేళ్ళు నిలిచేదేమో. ఇచ్చాడు కాబట్టే నాకు ఆయన మీద గౌరవం. చేతులు కట్టుకుని నిలబడే మనుషుల్ని తగ్గించిన పెద్ద ఆయన, తెలిసో తెలియకో.

అలాగని పాత లేమి పోయి అంతా సుభిక్షమైందని చెప్పను. కొత్తవి వచ్చాయి, వాటి ముందు పాత పెద్దరికం ఎందుకూ పనికిరాలేదు. మా తోటలో నుయ్యి ఉండేది. ఎండల్లో కూడా ఎండేది కాదు. దానిలో నీళ్ళు తోడుకోనివ్వడం, తోడుకోనివ్వకపోవడం ఒకప్పుడు పెద్దరికంలో భాగం. తర్వాత ఉద్దానంలో ఊరూరా జనం కిడ్నీలు పాడై మంచం పట్టడం మొదలైతే, ఆ నుయ్యి మీద నమ్మకం పోయింది. నీళ్ళా, నేలా, ఎండలో చెమటోడ్చే పనా, మరేదైనా ఉందా? ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఒక్క మాటలో తేలలేదు. జబ్బు కూలివాణ్ణీ పట్టుకుంది, రైతునీ పట్టుకుంది. డయాలసిస్ మంచం మీద ఇరవై ఎకరాలవాడూ నాలుగు గంటలే, సెంటు లేనివాడూ నాలుగు గంటలే. చివరికి 2023 డిసెంబరులో హిరమండలం నుంచి గొట్టాల్లో తాగునీరు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాయి. ఏ ఊరి పెద్దా ఇవ్వగలిగినవి కావు అవి. ఏళ్ళ తరబడి జనం ధర్నాలు చేసి, అడిగి తెచ్చుకున్నవి.

సోంపేటలో బీల అనే చిత్తడి నేలల్లోనూ అంతే. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ఆ భూముల్ని ఇచ్చేస్తామన్నప్పుడు, బీల నీటితో వరి పండించే రైతు, బీలలో చేపలు పట్టేవాడు, బీల గడ్డితో పశువుల్ని మేపుకునేవాడు ఒకే శిబిరంలో కూర్చున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. ఆ ఉద్యమంలో పెద్దరైతులూ ఉన్నారు, కాని మంచం మీద కాదు, చాప మీద. నా కళ్ళకి ఆ చాపే కొత్తగా కనబడింది.

తర్వాత తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. మూడు తరాల ఆస్తి తెల్లారేసరికి నేల మీద అడ్డదిడ్డంగా పడి ఉంది. ఆరుబయట నిలబడి ఉన్న ఆస్తికి తలుపు లేదు, గడియ లేదు. చెట్టుకింత అని పరిహారం ప్రకటించారు. చెట్లున్నవాడికి అది దక్కుతుంది. చెట్టెక్కేవాడికి? దింపు కార్మికుడి ఉపాధీ ఆ చెట్టుతోనే కూలింది, కాని చెట్టు లెక్కలో మనిషి లెక్క రాదు.

ఆ పరిహారం కోసం పెదనాన్న చేసిన పని ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నాకు మాత్రం మరిచిపోయేది కాదు. జాబితాలో ఆయన చెట్లు సగానికి సగం తక్కువ పడ్డాయి. సర్వే నంబర్లు కలవలేదు. కొడుకులు దూరాన ఉన్నారు. ఒక సాయంత్రం పొద్దుపోయాక కర్ర పట్టుకుని, మా తోటలో ఏళ్ళ తరబడి దింపు తీసిన మనిషి ఇంటికి వెళ్ళాడు. ఆ మనిషి కొడుకు డిగ్రీ చదివాడు, కంప్యూటర్ పని తెలుసు. పెదనాన్న ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. తలుపు తట్టాడు.

“ఏటి బాబూ, కబురెడితే నానే వొచ్చీవోణ్ణి కదా,” అన్నాడు తండ్రి, కంగారుగా.

“నీతో కాదురా, మీ వాడితో పని,” అన్నాడు పెదనాన్న. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, “బాబూ, ఈ కాయితం కాస్త చూసి పెడతావేటి?” అన్నాడు.

కుర్రాడు కుర్చీ వేశాడు, అర్జీ రాశాడు, ఫోన్లో ఫోటోలు తీసి జతచేశాడు. డబ్బులిస్తానంటే వద్దన్నాడు. ఏ పుస్తకంలోనూ ఏమీ రాసుకోలేదు. పేరుతో పిలిపించుకోవడమే గొప్ప అయిన ఇంటి కుర్రాణ్ణి ఆయన ‘బాబూ’ అన్నాడు. ఊరు చెడిపోయిందన్న మాట ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు.

అయితే ఇప్పుడు పెద్దరైతుకి పని లేదా? ఉందనే అనుకుంటున్నాను, కాని అది రాత్రి పని కాదు, పగటి పని. పలాసలో జీడిపిక్కల రైతులు 80 కిలోల బస్తాకి గిట్టుబాటు ధర కోసం ఏటా రోడ్డెక్కుతూనే ఉన్నారు. అక్కడి ఫ్యాక్టరీలకి ఆఫ్రికా పిక్కలు ఓడల్లో వస్తాయి. మన పిక్క దిగే వేసవిలో షావుకారి కన్నా ముందు చిన్నరైతుకి తొందర. బడి ఫీజు, పెళ్ళి, మందుల ఖర్చు ఆగవు. చెప్పిన ధరకి అమ్మేస్తాడు. పెద్దరైతు ఆగగలడు. రెండు నెలలు కొట్లో పెట్టుకుని, ధర వచ్చాక అమ్ముకోగలడు. ఇన్నాళ్ళూ ఆ ఓపికని ఆయన తన కోసమే వాడుకున్నాడు. ఒక్కోసారి చిన్నరైతు పిక్కలు తనే చవగ్గా కొని, ఆగి అమ్ముకున్నాడు కూడా.

ఆసుపత్రి సర్కారు ఇవ్వగలదు, అప్పు సంఘం ఇవ్వగలదు, బండికి ఫోన్ చేస్తే చాలు. ఆగగల స్తోమత మాత్రం ఇప్పటికీ ఊళ్ళో కొద్దిమంది దగ్గరే ఉంది. కలిగిన రైతు తన కొట్టు నలుగురికీ తెరిచి, తన బస్తాలు చిన్నరైతుల బస్తాల పక్కనే వేసి, అందరికీ ఒకటే ధర, లేదంటే ఎవరమూ అమ్మం అని కూర్చోగలిగితే, అది బడికి స్థలం ఇచ్చినదానికి తక్కువ పని కాదు. అందులో దండలుండవు, శిలాఫలకం ఉండదు, ఎర్ర అట్ట పుస్తకం అసలే ఉండకూడదు. అంతపని చేసినవాణ్ణి ఊరు పెద్ద అంటే నాకేమీ అభ్యంతరం లేదు. అనిపించుకోకుండా చేస్తే మరీ మంచిది.